సంగీతం ఒక్కటే మిగిలిన క్రైమ్ సినిమా

"సినిమా తేలిపోయింది గానీ మ్యూజిక్ మాత్రం అదిరింది." థియేటర్ నుంచి బయటికి వస్తూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అననివాళ్లు ఉండరు. ప్రేమకథల విషయంలో దీనికి పెద్ద అర్థం వెతకనక్కర్లేదు. పాటలు హిట్టయి సినిమా పోవడం అక్కడ మామూలే. పాటను కథలోంచి తీసి పక్కన పెట్టుకున్నా దానికి వచ్చే లోటేమీ లేదు. క్రైమ్ సినిమా సంగతి వేరు. ఇందులో సంగీతం కథను అంటిపెట్టుకుని ఉంటుంది. హంతకుడు మెట్లెక్కడానికి ఎన్ని సెకన్లు పట్టింది, తలుపు ఎప్పుడు తెరుచుకుంది, తుపాకీ ఎక్కడ పేలింది అని చూసి, కొలిచి కట్టిన సంగీతం అది. మరి కథ కూలిపోతే దానితో పాటు సంగీతమూ కూలిపోవాలి కదా. చాలాసార్లు అలా జరగదు. సినిమా పేరు గుర్తులేనివాళ్లు కూడా ఆ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటూనే ఉంటారు.

ఇలా ఎందుకవుతుందన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న. నాకు అర్థమైనంతలో దీని మూలం ఒకటే. సంగీతం మనకు అనుభూతిని ఇవ్వగలదు గానీ కారణాన్ని ఇవ్వలేదు. క్రైమ్ కథ నడిచేదేమో కారణాల మీద. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అది మనకెలా తెలిసింది, ఇప్పుడే ఎందుకు తెలిసింది? వీటికి జవాబు స్క్రీన్‌ప్లేలో లేకపోతే ఎంత గొప్ప సంగీత దర్శకుడైనా తన వాయిద్యాలతో దాన్ని పుట్టించలేడు. భయం పుట్టించగలడు, జాలి పుట్టించగలడు, ఏదో జరగబోతోందన్న టెన్షన్ పెంచగలడు. ఆ టెన్షన్ దేనికో చెప్పాల్సిన పని మాత్రం కథదే.

ఒక పాత ఉదాహరణ: ట్రబుల్ మ్యాన్

నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ 1972లో అమెరికాలో వచ్చిన 'ట్రబుల్ మ్యాన్'. ఐవన్ డిక్సన్ దర్శకుడు, రాబర్ట్ హుక్స్ హీరో. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతివాళ్లు ఉండే ప్రాంతంలో అందరి తగాదాలూ తీర్చిపెట్టే ఒక ప్రైవేట్ డిటెక్టివ్ కథ. తమ జూదం ఆటల మీద పడి దోచుకుంటున్నదెవరో కనిపెట్టమని ఇద్దరు అతన్ని పెట్టుకుంటారు. నిజానికి అది అతన్ని ఒక హత్యలో ఇరికించడానికి వేసిన ఎత్తు. కాగితం మీద చూస్తే ఇది మంచి క్రైమ్ కథే. ఉచ్చు ఉంది, ఉచ్చులో పడ్డ మనిషి ఉన్నాడు, అటు పోలీసులు, ఇటు ప్రత్యర్థి ముఠా.

తెర మీద మాత్రం ఆ ఉచ్చు బిగుసుకోదు. ఈ డిటెక్టివ్ ఏ గదిలోకి అడుగుపెట్టినా అక్కడ అందరికన్నా తెలివైనవాడు, అందరికన్నా బలమైనవాడు, అందరికన్నా నీటుగా సూటు వేసుకున్నవాడు. అతనికి ఏదో అవుతుందన్న భయం మనకు ఒక్క క్షణం కూడా కలగదు. ఇరికించబడ్డ మనిషి కథలో ఆ భయం లేకపోతే ఇక మిగిలేది ఒక్కొక్కరినీ వరసగా చంపుకుంటూ పోవడమే. విమర్శకులు ఈ సినిమాను పెద్దగా మెచ్చలేదు. ఇవాళ దాని గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది సంగీతం గుండా అక్కడికి చేరినవాళ్లే.

ఆ సంగీతం అమెరికన్ గాయకుడు మార్విన్ గే చేశాడు. 1971లో వచ్చిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌తో అతను అప్పటికే పెద్ద పేరు తెచ్చుకున్నాడు. కావాల్సింది చేసుకునే స్వేచ్ఛ తన రికార్డు కంపెనీ దగ్గర సంపాదించుకున్నాడు. ఆ ఊపులో ఒప్పుకున్న పని ఇది. అతను పూర్తిగా సంగీతం సమకూర్చిన సినిమా జీవితంలో ఇదొక్కటే. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం వాయిద్య సంగీతమే. శాక్సఫోన్, తీగ వాయిద్యాలు, అప్పట్లో కొత్తగా ప్రచారంలోకి వస్తున్న మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం. టైటిల్ పాట 1973 మొదట్లో అమెరికాలోని బిల్‌బోర్డ్ పాటల పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది.

ఆ పాట వింటే ఒక విషయం తేటగా తెలుస్తుంది. పాటలో ఉన్న మనిషి సినిమాలో లేడు. సినిమాలోని డిటెక్టివ్‌కు అలుపు లేదు, బెదురు లేదు. పాటలోని మనిషికి రెండూ ఉన్నాయి. కష్టాల్లోంచి పైకొచ్చి, ఎప్పుడు ఎటునుంచి దెబ్బ పడుతుందోనని ఒళ్లంతా కళ్లు చేసుకుని బతికేవాడు. ఆ సన్నటి పైస్థాయి గొంతులో ధీమా కిందే జాగ్రత్త, జాగ్రత్త కిందే దిగులు వినిపిస్తాయి. అంటే సంగీత దర్శకుడు తెర మీద ఉన్నవాడిని వదిలేసి, ఉండాల్సినవాడికి సంగీతం కట్టాడు. సినిమా చెడిపోయినా ఈ సంగీతం చెడకపోవడానికి మొదటి కారణం ఇదేనని నా నమ్మకం. అది ఆధారపడ్డది మనం చూసిన సినిమా మీద కాదు, మార్విన్ గే మనసులో ఆడిన సినిమా మీద.

2014లో వచ్చిన ఒక కెప్టెన్ అమెరికా సినిమాలో, దశాబ్దాల నిద్ర నుంచి లేచిన హీరోకు అతని కొత్త స్నేహితుడు ఈ ఆల్బమ్ వినమని సలహా ఇస్తాడు. నువ్వు పోగొట్టుకున్న కాలమంతా ఇందులోనే ఉందన్నట్టు చెబుతాడు. హీరో పేరు రాసుకుంటాడు. వినమన్నది ఆల్బమ్. సినిమా చూడమని అతనూ అనలేదు.

సంగీతం ఎప్పుడు, ఎలా తయారవుతుంది?

సినిమా తయారయ్యే వరస తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. కథ, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ అయ్యాక చివర్లో వచ్చే పని నేపథ్య సంగీతం. మనవాళ్లు రీరికార్డింగ్ అంటారు, పరిశ్రమలో ఆర్‌ఆర్ అంటే చాలు. దర్శకుడూ సంగీత దర్శకుడూ కూర్చుని సినిమా మొత్తం చూస్తారు. ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అసలు వద్దు అని నిర్ణయించుకుంటారు. హాలీవుడ్‌లో దీన్ని స్పాటింగ్ అంటారు. ఆ తర్వాత సంగీత దర్శకుడి చేతిలో ఉండేది చాలాసార్లు కొన్ని వారాలే. విడుదల తేదీ దగ్గర పడితే ఇంకా తక్కువ.

ఈ దశలో సంగీత దర్శకుడి స్థితి విచిత్రంగా ఉంటుంది. సినిమా ఎక్కడ నీరసపడిందో బయటివాళ్లలో అందరికన్నా ముందు తెలిసేది అతనికే. "ఇక్కడ కొంచెం లాగ్ ఉంది సార్, ఏదైనా చేసి లేపండి" అన్న మాట వినని సంగీత దర్శకుడు ఉండడు. ఒక్క షాట్ మార్చే అధికారం అతనికి లేదు. ఒక్క డైలాగ్ కలిపే వీలు లేదు. హంతకుడి ఉద్దేశం అర్థం కాకపోతే కాలేదంతే. అతనికి మిగిలిన దారి ఒకటే. ఆ సన్నివేశంలో ఎక్కడో ఒక ముఖం, ఒక చూపు, ఒక ఖాళీ వీధి దొరుకుతుంది. దాన్ని పట్టుకుని తన వాదన తాను కట్టుకుంటాడు.

పైగా సంగీతానికి తనదైన కట్టడం ఉంటుంది. ఒక బాణీ మొదలవుతుంది, పెరుగుతుంది, వేరే వాయిద్యంలోకి మారుతుంది, చివర్లో మళ్లీ వస్తుంది. కథలో మొదటి పావుగంటలో చూపించిన ఆధారాన్ని క్లైమాక్స్‌లో రచయిత మర్చిపోయి ఉండొచ్చు. సంగీత దర్శకుడు తన బాణీని మర్చిపోడు. అందుకే కథలో లేని పొందిక సంగీతంలో ఉంటుంది. ఆల్బమ్‌గా విన్నప్పుడు మనకు ఒక నిండు రచన దొరికినట్టు అనిపించేది దీనివల్లే. 'ట్రబుల్ మ్యాన్' విషయంలో ఇది ఇంకా స్పష్టం. 1972 నాటి ఆల్బమ్‌లో ఉన్నదీ, సినిమాలో వినిపించేదీ అచ్చంగా ఒకటి కావు. ఆల్బమ్ కోసం సంగీతాన్ని విడిగా తీర్చిదిద్దారు. సినిమాలో వాడిన రూపం 2012లో వచ్చిన ప్రత్యేక ఎడిషన్‌లో గానీ వినేవాళ్ల చేతికి అందలేదు.

మన సినిమాల్లో ఈ ఎడం ఇంకా ఎక్కువ. పాటలు ముందే తయారవుతాయి, ఆర్‌ఆర్ చివర్లో జరుగుతుంది. రెండూ ఇద్దరు వేరు వేరు మనుషులు చేయడం కూడా ఉంది. 1998 నాటి 'సత్య'లో పాటలు విశాల్ భరద్వాజ్‌వి, నేపథ్య సంగీతం సందీప్ చౌతాది. ఆ సినిమాకు కథా బలం ఉంది కాబట్టి రెండూ దాని ఒడిలో ఒదిగిపోయాయి. కథ బలహీనంగా ఉన్నచోట ఇదే పద్ధతి వల్ల పాటలు ఒక సినిమాకు, నేపథ్య సంగీతం ఇంకో సినిమాకు, తెర మీద బొమ్మ మూడో సినిమాకు చెందినట్టు తయారవుతుంది.

బొమ్మ ఒకటే, చెవిని బట్టి అర్థం మారుతుంది

సంగీతం మన చూపును ఎంత మార్చేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించారు. 1988లో సాండ్రా మార్షల్, ఆనబెల్ కోహెన్ కలిసి చేసిన ప్రయోగంలో త్రికోణాలు, వృత్తం కదిలే చిన్న యానిమేషన్‌ను వేరు వేరు సంగీతాలతో చూపించారు. సంగీతం మారేసరికి ఏ ఆకారం ఎలాంటిదన్న ప్రేక్షకుల అభిప్రాయం మారింది. ముఖం లేని, మాట లేని గీతల మీదే ఇంత ప్రభావం ఉంటే, ఇక చీకట్లో నిలబడ్డ నటుడి ముఖం సంగతి చెప్పాలా?

క్రైమ్ సినిమాకు ఇంకా దగ్గరగా వచ్చేది 2001లో మారిలిన్ బోల్ట్జ్ చేసిన పని. ఎటైనా అర్థం చేసుకోదగ్గ సినిమా సన్నివేశాలను కొందరికి ఆహ్లాదమైన సంగీతంతో, కొందరికి భయపెట్టే సంగీతంతో, కొందరికి అసలు సంగీతం లేకుండా చూపించి, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారని అడిగారు. పాత్రల ఉద్దేశాలు, కథ ముగింపు గురించిన ఊహలు సంగీతాన్ని బట్టి మారాయి. అంటే మనం సొంతంగా పసిగట్టాం అనుకునే అనుమానంలో చాలాభాగం చెవి గుండా లోపలికి వచ్చినదే.

బలహీనమైన క్రైమ్ సినిమా బతికేది దీని మీదే. తెర మీద ఒక మనిషి కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. అతని గురించి మనకు ఏమీ తెలియదు, రచయితకూ పెద్దగా తెలియదు. కింద సన్నగా, ఎడతెగకుండా ఒక మంద్ర స్వరం సాగుతోంది. పైన రెండు స్వరాలు పక్కపక్కనే రాపిడి పెట్టుకుంటున్నాయి. అంతే, ఆ మనిషిలో ఏదో రహస్యం ఉందని మన మెదడు తీర్మానించేస్తుంది. ఇలాంటివి పది సన్నివేశాలు పేరిస్తే సినిమా మొత్తం లోతైనదిగా తోస్తుంది. పార్కింగ్‌లో బండి తీసే వేళకు సంగీతం ఉండదు. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు. అవునూ, అతను ఆ కిటికీ దగ్గర ఎందుకు నిలబడ్డాడు? ఆ ఫోన్ ఎవరు చేశారు? ఇంటర్వెల్‌లో చనిపోయినవాడికీ దీనికీ ఏమిటి సంబంధం?

మోసం ఎక్కువగా జరిగేది క్లైమాక్స్‌లో. మొదటి నుంచి అక్కడక్కడా వినిపించిన బాణీ నిండు ఆర్కెస్ట్రాతో తిరిగి వచ్చేసరికి, చిక్కుముడులన్నీ విడిపోయిన తృప్తి కలుగుతుంది. విడిపోయింది సంగీతం ముడి. కథ ముడి అలాగే ఉంటుంది.

సస్పెన్స్‌కు ముందు సమాచారం కావాలి

టేబుల్ కింద బాంబు గురించి ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు. టేబుల్ కింద బాంబు ఉందని, అది ఎప్పుడు పేలుతుందో ముందే చూపిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. రెండోదానిలో ఆ ఇద్దరి మాటలు ఎంత చప్పగా ఉన్నా మనం ఊపిరి బిగబట్టి వింటాం. తేడా అంతా మనకు ఇచ్చిన సమాచారంలో ఉంది.

హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960)లో దీన్ని సంగీతంతో కలిపి చూడొచ్చు. స్నానం చేస్తున్న అమ్మాయిని కత్తితో పొడిచి చంపే షవర్ సన్నివేశం గురించి అందరూ చెబుతారు. అక్కడ సంగీతం వద్దని హిచ్‌కాక్ మొదట అనుకోవడం, బెర్నార్డ్ హెర్మన్ వాయిద్యాలన్నిట్లో తీగ వాయిద్యాలనే తీసుకుని కట్టిన ఆ కేకల్లాంటి సంగీతం విన్నాక మనసు మార్చుకోవడం ప్రసిద్ధమైన సంగతే. నాకు మాత్రం దానికన్నా ముందు వచ్చే కారు ప్రయాణం ఎక్కువ పాఠం చెబుతుంది. తెర మీద ఉన్నది ఒక అమ్మాయి ముఖం, రోడ్డు, వాన, అద్దం మీద ఊగే వైపర్లు. ఇంకేమీ లేదు. తీగల సంగీతం తరుముతుంటే మన గుండె వేగం పెరుగుతుంది. ఇది పని చేయడానికి కారణం ఆమె పర్సులో దొంగిలించిన 40,000 డాలర్లు ఉన్నాయని మనకు తెలియడం. ఆ ఒక్క విషయం తీసేయండి. అదే సంగీతం, అదే వాన, అదే ముఖం. ఎవరో హడావిడిగా ఊరెళుతున్నట్టు ఉంటుంది. హెర్మన్ సంగీతం పెంచినది అప్పటికే ఉన్న కారణాన్ని.

కథ నిలబడి సంగీతం చెడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 1974 నాటి డిటెక్టివ్ సినిమా 'చైనాటౌన్'కు మొదట ఫిలిప్ లాంబ్రో చేసిన సంగీతాన్ని విడుదలకు ముందు తీసేశారు. జెర్రీ గోల్డ్‌స్మిత్‌ను పిలిస్తే పది రోజుల్లో కొత్తది చేసి ఇచ్చాడు. ఆర్కెస్ట్రా కూర్పే వింతగా ఉంటుంది. ఒకే ఒక్క ట్రంపెట్, తీగ వాయిద్యాలు, నాలుగు పియానోలు, నాలుగు హార్ప్‌లు, తాళ వాయిద్యాలు. రెండు గంటలు దాటిన సినిమాలో సంగీతం వినిపించేది అరగంట కూడా ఉండదు. ఆ ట్రంపెట్ బాణీ వినిపించినప్పుడు, ఈ డిటెక్టివ్ గతంలో ఏదో పోగొట్టుకున్నాడని, మళ్లీ పోగొట్టుకోబోతున్నాడని లీలగా తెలుస్తుంది. నగరపు నీళ్ల కుంభకోణం చుట్టూ రాబర్ట్ టౌన్ అల్లిన కథ ఆ లీలను నిజం చేసి చూపిస్తుంది. ఇక్కడ సంగీతం సినిమాను కాపాడిందన్న మాట నేను ఒప్పుకుంటాను. కాపాడదగ్గ సినిమా అక్కడ ఉంది కాబట్టి.

సంగీతం కథతో విభేదిస్తే

కథను మోయడం, కప్పిపుచ్చడం కాకుండా సంగీతం చేయగల పని ఇంకొకటి ఉంది. తెర మీది కథతో అది వాదించగలదు.

'ట్రబుల్ మ్యాన్' వచ్చిన 1972లోనే 'సూపర్ ఫ్లై' వచ్చింది. కొకైన్ అమ్మే ఒక కుర్రాడు ఆఖరిసారి పెద్ద బేరం చేసి ఈ వృత్తి వదిలేయాలనుకునే కథ. ఇది ఆడని సినిమా కాదు, బాగా ఆడింది. అయితే హీరో కారు, కోటు, దర్జా చూపించడంలో ఉన్న శ్రద్ధ అతని సరుకు కొన్నవాళ్లకు ఏమైందో చూపించడంలో లేదు. సంగీతం చేసిన కర్టిస్ మేఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. కొకైన్‌కు ప్రకటనలా ఉందనిపించి, తన పాటల మాటలతో దానికి జవాబు చెప్పాడు. ఫ్రెడ్డీ అనే చిన్న పాత్ర పోలీసుల నుంచి పారిపోబోయి కారు కింద పడి చనిపోతాడు. సినిమా అతన్ని దాటుకుని ముందుకు పోతుంది. మేఫీల్డ్ ఆగి, ఆ కుర్రాడి మీద ఒక పూర్తి పాట కట్టాడు. వాడిని అందరూ వాడుకుని వదిలేశారని, మిగిలినవాళ్లకూ ఇదే గతి పట్టొచ్చని పాడాడు. విశేషమేమిటంటే సినిమాలో ఆ పాట బాణీయే వినిపిస్తుంది, మాటలు ఉండవు. మాటలు కావాలంటే ఆల్బమ్ వినాలి. ఆ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఇక్కడ నాకు మేఫీల్డ్ మీద గౌరవం ఎంత కలుగుతుందో, సినిమా తీరు మీద అంత చింత కలుగుతుంది. చనిపోయినవాడి గురించి బాధపడాల్సిన పని కథ చేయకుండా సంగీతానికి అప్పగించేసింది. క్రైమ్ సినిమాల్లో ఇది తరచూ జరిగే తప్పు. హత్య జరుగుతుంది, శవం మీద ఒక వయోలిన్ రెండు నిమిషాలు ఏడుస్తుంది, తర్వాతి సన్నివేశంలో ఆ మనిషి పేరు కూడా ఎవరూ తలచుకోరు.

అవసరం లేనిచోట ఆగడం

కథ మీద నమ్మకం ఉన్న దర్శకులు సంగీతాన్ని ఎక్కడ ఆపారో చూస్తే ఈ సంగతి ఇంకోవైపు నుంచి అర్థమవుతుంది. 1955 నాటి ఫ్రెంచ్ సినిమా 'రిఫిఫీ'లో నగల దుకాణం దోపిడీ దాదాపు అరగంట సాగుతుంది. ఆ అరగంటలో ఒక్క మాట లేదు, సంగీతం లేదు. సుత్తి దెబ్బ, రాలే సున్నం పెచ్చు, బూటు చప్పుడు, అంతే. చిన్న శబ్దం వచ్చినా అలారం మోగుతుందని మనకు తెలుసు. కాబట్టి థియేటర్లో మనం కూడా దగ్గు ఆపుకుని కూర్చుంటాం. 'బుల్లిట్' (1968)లో లాలో షిఫ్రిన్ సంగీతం రెండు కార్లు ఒకదాన్నొకటి నెమ్మదిగా వెంబడిస్తున్నంత సేపే ఉంటుంది. అసలు ఛేజ్ మొదలవగానే ఆగిపోతుంది. తర్వాత వినిపించేది ఇంజన్ల రొద, టైర్ల కీచు.

ఇవాళ్టి చాలా క్రైమ్ థ్రిల్లర్లలో ఆ ధైర్యం కనిపించదు. ఇన్వెస్టిగేషన్ ఆఫీసర్ కారు దిగగానే స్లోమోషన్, చెవులు చిల్లులు పడే ఎలివేషన్ బీజీఎం. అతను ఇంకా ఒక్క ఆధారం కూడా కనిపెట్టలేదు, ఒక్క తెలివైన ప్రశ్న కూడా అడగలేదు. అతను గొప్పవాడని కథ రుజువు చేయకముందే సంగీతం ప్రకటించేస్తుంది. ఎడిటింగ్ టేబుల్ మీద వేరే సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా అతికించుకుని, నెలల తరబడి దానికి అలవాటు పడి, అచ్చం అలాంటిదే కావాలని సంగీత దర్శకుణ్ని అడిగే పద్ధతి ఒకటి ప్రపంచమంతటా ఉంది. ఏ థ్రిల్లర్ విన్నా ఇంకో థ్రిల్లర్‌లాగే ఉండటానికి అది పెద్ద కారణం. వంటలో ఉప్పు తక్కువైన సంగతి కారంతో కప్పేసినట్టు, కథలో లేనిదాన్ని శబ్దంతో కప్పేస్తున్నారు.

సంగీతమే ఆధారమైతే

సంగీతం కారణాన్ని ఇవ్వలేదని మొదట అన్నాను. దీనికి ఒక మినహాయింపు ఉంది, అది చాలా అందమైన మినహాయింపు. 1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం'లో పిల్లల్ని చంపే హంతకుడు ఈలతో ఒక బాణీ వేస్తుంటాడు. నార్వే సంగీతకారుడు గ్రీగ్ రాసిన ప్రసిద్ధమైన బాణీ అది. సినిమాలో వేరే నేపథ్య సంగీతం లేదు. హంతకుడి ముఖం కనపడకముందే ఆ ఈల వినిపిస్తుంది. హంతకుడు ఎల్సీ అనే పాపకు బెలూన్ కొనిచ్చినప్పుడు ఆ ఈల విన్న, బెలూన్లు అమ్మే గుడ్డివాడు తర్వాత ఒకరోజు వీధిలో అదే ఈల విని గుర్తుపడతాడు. నగరమంతా ఎవరికోసం గాలిస్తోందో ఆ మనిషి అలా దొరుకుతాడు.

ఇక్కడ సంగీతం భయమూ ఇచ్చింది, ఆధారమూ ఇచ్చింది. ఎందుకంటే అది పాత్రల లోకంలోనే ఉంది. మనతో పాటు వాళ్లూ వింటున్నారు. దాన్ని తీసేస్తే కథ ఆగిపోతుంది. సంగీతాన్ని రచన దశలోనే కథలోకి తెచ్చుకుంటే ఎంత పని చేయించుకోవచ్చో లాంగ్ శబ్ద చిత్రాలు మొదలైన తొలి ఏళ్లలోనే చూపించాడు. చివర్లో అతికించుకుంటే మాత్రం ఇది కుదరదు.

'బాంబే వెల్వెట్' దగ్గర

మన దేశంలో ఈ చర్చకు 'బాంబే వెల్వెట్' (2015) కన్నా తగిన సినిమా నాకు తోచడం లేదు. 1960ల బొంబాయి, జాజ్ క్లబ్బు, అందులో పాడే అమ్మాయి, క్లబ్బు నడిపే కుర్రాడు, వాళ్ల వెనక భూముల వ్యాపారం, పత్రికలు, రాజకీయం. అనురాగ్ కశ్యప్ దర్శకుడు, అమిత్ త్రివేది సంగీతం. సినిమా బాక్సాఫీస్ దగ్గర ఘోరంగా దెబ్బతింది. సంగీతానికి మాత్రం మంచి పేరు వచ్చింది.

ఇందులో సంగీతం కేవలం నేపథ్యం కాదు. క్లబ్బు వేదిక మీద పాటలు కథలో భాగంగానే వస్తాయి. ఆ కాలపు బొంబాయి క్లబ్బుల్లో జాజ్ వాయించినవాళ్లలో గోవా నుంచి వచ్చిన సంగీతకారులు ఎందరో ఉన్నారు. హిందీ సినిమా పాటల ఆర్కెస్ట్రాలను తీర్చిదిద్దడంలో వాళ్ల చెయ్యి చాలా ఉంది. అమిత్ త్రివేది ఆ శబ్దాన్ని పైపైన అనుకరించలేదు. ట్రంపెట్ లాంటి బ్రాస్ వాయిద్యాల బలం, గాయని గొంతులో తెగింపు, దాని కింద దుఃఖం, ఇవన్నీ పట్టుకున్నాడు. నీతి మోహన్ పాడిన 'ధడామ్ ధడామ్' వింటే ఆ పాత్ర జీవితం మొత్తం అర్థమైనట్టు ఉంటుంది. ఆమె ఎక్కడినుంచి వచ్చింది, ఏం భరించింది, ఎవరిని నమ్మి దెబ్బతింది అన్నీ అందులో ఉన్నాయి.

కథ చేయలేకపోయింది ఆ పనే. నగరం ఎవరి చేతుల్లోకి పోతోందన్నది ఒక కథ, ఇద్దరి ప్రేమ ఇంకో కథ. ఒకదాని వల్ల ఇంకొకటి జరగాలి. ఇక్కడ ఒకటి ఆగాక ఇంకొకటి నడుస్తుంది. హీరో పెద్దమనిషి కావాలన్న కసి మనకు కనిపిస్తుంది గానీ, భూముల ఆటలో అతను తీసుకున్న ఏ నిర్ణయం వల్ల ఏమైందన్న లెక్క తేలదు. పాట జరుగుతున్నంతసేపు సినిమా నిలబడుతుంది. పాట అవగానే ఎవరు ఎవరిని ఎందుకు కాలుస్తున్నారన్న ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఇంత శ్రమ, ఇంత ప్రేమ పెట్టి కట్టిన నగరం సెట్ చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ లోకంలో బతికే మనుషులు ఆల్బమ్‌లో ఉన్నారు.

ఒక క్రైమ్ సినిమాను సంగీతం కాపాడిందా, కప్పిపుచ్చిందా అని తేల్చుకోవడానికి నేను చేసే పని చెబుతాను. సినిమాలో బాగా పట్టేసిన సన్నివేశాన్ని ఇంట్లో సౌండ్ తీసేసి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని మళ్లీ చూస్తాను. అప్పుడు కూడా తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న మనసులో ఉంటే అందులో కథ ఉన్నట్టు. ఆ తర్వాత బొమ్మ లేకుండా సంగీతం ఒక్కటే వింటాను. 'సైకో' కారు ప్రయాణం, సబ్‌టైటిల్స్‌తో ఆ డబ్బు సంగతి తెలుస్తూ ఉన్నంతకాలం, మూగగా కూడా నిలబడుతుంది. 'ట్రబుల్ మ్యాన్' కాల్పులు నిలబడవు, దాని శాక్సఫోన్ నిలబడుతుంది. మన రివ్యూల్లో "బీజీఎం బాగుంది" అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోకుండా ఏ సన్నివేశంలో, ఏ వాయిద్యం, ఏం చేసిందో రాయడం అలవాటైతే, అలాంటి సంగీతం చేసినవాళ్లకు దక్కాల్సిన పేరు దక్కుతుంది. సినిమా ఎక్కడ తప్పిందో రచయితకూ తెలుస్తుంది.